కళాశాల వదిలిన వారిపై పెట్టుబడి: డబ్బు ఒకరిది, కాలం ఇంకొకరిది

పంతొమ్మిదేళ్ల కుర్రవాడి చేతిలో లక్ష డాలర్లు పెట్టి చదువు పక్కన పెట్టమని చెప్పడాన్ని ఏమనాలి? సాయమనాలా, పెట్టుబడి అనాలా, జూదమనాలా? 2010 సెప్టెంబరులో ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ సహ వ్యవస్థాపకుడు పీటర్ థీల్ ఒక ఫెలోషిప్ ప్రకటించినప్పుడు అమెరికాలో మొదలైన ఈ వాదం ఇప్పటికీ తెగలేదు. ఆ పథకం కింద ఇరవై ఏళ్ల లోపు వారిని ఎంపిక చేశారు. వారు కళాశాలలో చేరకూడదు, చేరి ఉంటే బయటికి రావాలి. రెండేళ్ల పాటు తాము అనుకున్న పని మీద కూర్చోవడానికి లక్ష డాలర్లు ఇచ్చారు, బదులుగా వారి సంస్థలో వాటా అడగలేదు. 2011లో తొలి విడతకు 24 మంది ఎంపికయ్యారు. తర్వాత వయోపరిమితిని 22 ఏళ్లకు సడలించి, ఇటీవల మొత్తాన్ని 2 లక్షల డాలర్లకు పెంచారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు అధ్యక్షుడిగా పనిచేసిన ఆర్థికవేత్త లారెన్స్ సమ్మర్స్, 2013లో ఒక సభలో మాట్లాడుతూ, ఆ దశాబ్దంలో జరిగిన దాతృత్వ కార్యక్రమాల్లో ఇంతగా దారితప్పింది మరొకటి లేదన్న అర్థంలో ఈ పథకాన్ని తప్పుపట్టారు. సమర్థించేవారు విజేతల పేర్లు చదివి వినిపించారు. అప్పటి నుంచి చర్చంతా డిగ్రీ అవసరమా, అనవసరమా అన్న చోటే తిరుగుతోంది. అది అడగవలసిన ప్రశ్న కాదని నా అభిప్రాయం. పెట్టుబడిదారు కొంటున్నది ఆ యువకుడి జీవితంలో కొన్నేళ్ల కాలాన్ని. ఆ కాలం వృథా అయితే నష్టం ఎవరి ఖాతాలో పడుతుందన్నది మాత్రం డిగ్రీ మీద ఆధారపడదు, ఆ డబ్బు ఏ రూపంలో, ఏ షరతుల మీద వచ్చిందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ షరతులు ఎలా పనిచేస్తాయో విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా విజేతల సంగతి. 2012లో ఎంపికైన డిలన్ ఫీల్డ్ బ్రౌన్ విశ్వవిద్యాలయం వదిలి ఫిగ్మాను స్థాపించారు. 2013 ఫెలోల్లో ఓయో వ్యవస్థాపకుడు రితేశ్ అగర్వాల్ ఉన్నారు. 2014లో విటాలిక్ బుటెరిన్ కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వదిలి ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ నెట్‌వర్క్ మీద పనిచేశారు, మరుసటి ఏడాది ఆ నెట్‌వర్క్ ప్రారంభమైంది. వీరిలో ఫిగ్మా కథను కాస్త నిదానంగా చూస్తే ఉపయోగం ఉంటుంది. సంస్థ మొదలైంది 2012లో, దాని డిజైన్ సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులోకి వచ్చింది 2016లో. అంటే ఫెలోషిప్ ఇచ్చిన రెండేళ్లు అయిపోయాక కూడా చాలాకాలం చేతిలో చూపించడానికి పూర్తయిన వస్తువు లేదు. 2022లో అడోబీ 2,000 కోట్ల డాలర్లకు కొంటానని ముందుకు వచ్చింది. నియంత్రణ సంస్థల అభ్యంతరాల వల్ల 2023 డిసెంబరులో ఆ ఒప్పందం రద్దయింది, 2025 జులైలో ఫిగ్మా న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. పదమూడేళ్ల ప్రయాణం ఇది. పైగా ఫీల్డ్‌కు తన సహ వ్యవస్థాపకుడు ఇవాన్ వాలెస్ పరిచయమైంది తాను వదిలిపెట్టిన ఆ బ్రౌన్ విశ్వవిద్యాలయంలోనే.

ఇదే మాట మిగతా పేర్లకూ వర్తిస్తుంది. బిల్ గేట్స్‌కు, తర్వాత మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన స్టీవ్ బామర్ పరిచయమైంది హార్వర్డ్‌లో. మార్క్ జుకర్‌బర్గ్ తొలి సహచరులు అదే హార్వర్డ్ విద్యార్థులు. ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ స్ట్రైప్‌ను స్థాపించిన కాలిసన్ సోదరుల్లో ఒకరు ఎంఐటీ, మరొకరు హార్వర్డ్ వదిలి వచ్చారు. వీరెవరూ కళాశాల గడప తొక్కనివారు కారు. ప్రపంచంలోనే కఠినమైన ప్రవేశ పరీక్షలు దాటి, లోపలికి వెళ్లి, అక్కడ దొరికే మనుషులను, ధైర్యాన్ని తీసుకుని బయటికి వచ్చినవారు. సీటు దొరకక చదవలేకపోయిన వారికీ, సీటు దొరికాక వదులుకున్న వారికీ మధ్య ఉన్న తేడాను పట్టించుకోకుండా ఇద్దరినీ ఒకే గాటన కట్టడం ఈ చర్చలో తరచుగా జరిగే పొరపాటు.

డిగ్రీ ఎందుకు విలువైనదో ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లోనే ఒక సిద్ధాంతంగా చెప్పారు, ఆ కృషికి 2001లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఆయన లెక్కలో డిగ్రీ అనేది కొంతవరకు సంకేతం: ఈ మనిషికి సామర్థ్యం ఉంది, పట్టుదల ఉంది అని యజమానికి చెప్పే గుర్తు. ఈ కోణంలో చూస్తే, వేల దరఖాస్తుల్లోంచి పాతిక ముప్పై మందిని మాత్రమే తీసుకునే ఫెలోషిప్ డిగ్రీ కన్నా గట్టి సంకేతమవుతుంది. ఎంపికైన రోజు నుంచే పెట్టుబడిదారులు ఫోన్ ఎత్తుతారు, ఇంజినీర్లు చేరడానికి ఒప్పుకుంటారు. అంటే ఈ పథకాలు ద్వారపాలకుణ్ణి తొలగించలేదు. ఒక ద్వారం బదులు దానికన్నా ఇరుకైన మరో ద్వారాన్ని పెట్టాయి. అందుకే ఎంపికైన వారి విజయాలు చూసి, ఎంపిక కాకుండానే చదువు మానేసిన యువకుడికి కూడా అవే ఫలితాలు వస్తాయని ఊహించడం ప్రమాదకరం.

ప్రతిభకు రుజువు చూపవలసిన చోట చదువు మానేసిన కథనే రుజువుగా తీసుకుంటే ఏమవుతుందో రక్తపరీక్షల సంస్థ థెరానోస్ చూపించింది. ఎలిజబెత్ హోమ్స్ పంతొమ్మిదేళ్ల వయసులో స్టాన్‌ఫర్డ్ వదిలి 2003లో ఆ సంస్థను స్థాపించారు. ఒకటి రెండు రక్తపు చుక్కలతో ఎన్నో పరీక్షలు చేస్తామన్న మాట నమ్మి పెద్ద పెద్దవారు డబ్బు పెట్టారు. మాజీ విదేశాంగ మంత్రులు డైరెక్టర్ల బోర్డులో కూర్చున్నారు, యంత్రం నిజంగా పనిచేస్తోందా అన్నది తేల్చే ప్రయోగశాల నిపుణుల మాట వెనక్కి పోయింది. 2022 జనవరిలో ఆమె మోసానికి పాల్పడినట్లు న్యాయస్థానంలో రుజువైంది, అదే ఏడాది నవంబరులో పదకొండేళ్లకు పైగా జైలు శిక్ష పడింది. ఆ మోసానికి బాధ్యురాలు ఆమే. అయితే పరీక్షించకుండా డబ్బిచ్చిన వారి అలసత్వం కూడా అందులో ఉందని చెప్పక తప్పదు.

వయసు గురించిన అంకెలు చాలామంది ఊహకు విరుద్ధంగా ఉన్నాయి. పియర్ అజూలే, బెంజమిన్ జోన్స్, డేనియల్ కిమ్, హావియర్ మిరాండా అనే పరిశోధకులు అమెరికా జనగణన విభాగం సమాచారం ఆధారంగా సుమారు 27 లక్షల మంది వ్యవస్థాపకుల వివరాలను పరిశీలించారు. అత్యంత వేగంగా ఎదిగిన సంస్థలను, అంటే వెయ్యింటిలో ఒక్కటి చొప్పున తీసుకుని చూస్తే, వాటిని ప్రారంభించిన నాటికి వ్యవస్థాపకుల సగటు వయసు 45 ఏళ్లుగా తేలింది. ముప్పై ఏళ్లవారి కన్నా యాభై ఏళ్లవారికి ఆ స్థాయి విజయం దక్కే అవకాశం 1.8 రెట్లు ఎక్కువని కూడా వారు లెక్కగట్టారు. అదే రంగంలో ముందు పనిచేసిన అనుభవం ఉన్నవారికి అవకాశం ఇంకా మెరుగ్గా ఉంది.

మరి అనుభవజ్ఞుల పక్షాన ఇంత సాక్ష్యం ఉండగా పెట్టుబడిదారులు ఇరవై ఏళ్లవారి వెంట ఎందుకు పడతారు? ఇది వారి అమాయకత్వం కాదు. వెంచర్ క్యాపిటల్, అంటే కొత్త సంస్థల్లో వాటా తీసుకుని పెట్టే పెట్టుబడి, అన్నిటి మీదా సమంగా లాభాలు తేదు. కొరిలేషన్ వెంచర్స్ అనే సంస్థ 2004 నుంచి 2013 వరకు జరిగిన 21 వేలకు పైగా పెట్టుబడులను పరిశీలిస్తే, దాదాపు 65 శాతం పెట్టిన డబ్బును కూడా తిరిగి తేలేకపోయాయి. పది రెట్లు, అంతకు మించి తెచ్చినవి 4 శాతం మాత్రమే. ఆ నాలుగులో ఉండే ఒకటి రెండు సంస్థలే మొత్తం నిధికి ప్రాణం పోస్తాయి. థీల్ 2004లో ఇరవై ఏళ్ల జుకర్‌బర్గ్ సంస్థకు 5 లక్షల డాలర్లిచ్చి పది శాతానికి పైగా వాటా తీసుకున్నారు, 2012లో ఆ వాటాలో ఎక్కువ భాగం అమ్మితే 100 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. అలాంటి ఒక్కటి తగిలితే వంద తప్పులు మాసిపోతాయి. యువకులకు ఇంటి ఖర్చు తక్కువ, ఉద్యోగం వదులుకోవడం వల్ల పోయే జీతం తక్కువ, సంస్థకు మొదట్లో కట్టే విలువ తక్కువ. కాబట్టి చిన్న మొత్తంతో పెద్ద వాటా దొరుకుతుంది. సగటు ఏమైనా కానివ్వండి, పెట్టుబడిదారు చూసేది చిట్టచివరి అంచున ఉండే అరుదైన ఫలితాన్ని.

సమస్య మూలం ఇక్కడే ఉంది. పెట్టుబడిదారుకు వంద పందేలు, యువకుడికి ఒకటే యవ్వనం. వందలో తొంభై ఓడినా నిధికి నష్టం లేకపోవచ్చు, ఆ తొంభై మందికి మాత్రం ఎవరి నష్టం వారిదే. తన నష్టాన్ని నూరు చోట్లకు పంచుకోగలిగినవాడు, పంచుకోలేనివాడికి ధైర్యం నూరిపోస్తున్నప్పుడు ఆ మాటల్లో నిజాయితీ ఎంత ఉన్నా, ఇద్దరి లెక్కలు వేరని గుర్తుంచుకోవాలి.

ఇక డబ్బు ఏ రూపంలో వస్తుందో చూద్దాం. అన్నిటికన్నా మెత్తనిది గ్రాంటు. తిరిగి ఇవ్వనక్కర్లేదు, వాటా పోదు, ఓడిపోతే పోయేది కాలం ఒక్కటే. అమెరికాలో విద్యార్థుల అప్పులు లక్షన్నర కోట్ల డాలర్లు దాటి ఉన్నాయి, దివాలా తీసినా వాటి నుంచి విముక్తి దొరకడం చాలా కష్టం. దాంతో పోలిస్తే గ్రాంటు తీసుకుని రెండేళ్లు ప్రయత్నించి ఓడినవాడు అప్పు లేకుండా బయటపడతాడు. ఫెలోషిప్‌ను సమర్థించేవారి వాదనల్లో నాకు బలంగా తోచింది ఇదే.

రెండో రూపం వాటా. కొత్త సంస్థలకు తొలి పెట్టుబడి, మార్గదర్శనం ఇచ్చే వై కాంబినేటర్ 2013 చివర్లో సేఫ్ అనే ఒప్పంద పత్రాన్ని ప్రవేశపెట్టింది. డబ్బు ఇప్పుడు ఇస్తారు, వాటా మాత్రం తర్వాతి విడతలో సంస్థకు అధికారికంగా విలువ కట్టినప్పుడు చేతికి వస్తుంది. ప్రస్తుతం ఆ సంస్థ ఇచ్చే 5 లక్షల డాలర్లలో 1,25,000 డాలర్లకు 7 శాతం వాటా అని ముందే స్థిరపడి ఉంటుంది. మిగతా 3,75,000 డాలర్లు, ఆ తర్వాత వచ్చే ఇతర సేఫ్ పెట్టుబడిదారుల్లో ఎవరికి అత్యంత అనుకూలమైన షరతు దొరికితే ఆ షరతు మీద వాటాగా మారతాయి.

దీన్ని కాగితం మీద వేసి చూడాలి. ఇద్దరు స్నేహితులు సంస్థ పెట్టి ఈ డబ్బు తీసుకున్నారనుకుందాం. తర్వాత 50 లక్షల డాలర్ల విలువ పరిమితి మీద, అంటే వాటా లెక్కలో సంస్థ విలువను అంతకు మించి తీసుకోకూడదన్న షరతు మీద, మరొకరి దగ్గర 5 లక్షలు సేఫ్ రూపంలో తెచ్చారు. కొత్తవారికి 10 శాతం పోయింది. అదే పరిమితి మీద ఆ 3,75,000 డాలర్లు 7.5 శాతమయ్యాయి. మొదటి 7 శాతం కలుపుకుంటే 24.5 శాతం. ఈ పత్రాల అమరిక ఎలాంటిదంటే, ఒక సేఫ్ వల్ల మరో సేఫ్ వాటా తగ్గదు, తగ్గేదంతా వ్యవస్థాపకుల భాగంలోంచే తగ్గుతుంది. ఇద్దరికీ కలిపి 75.5 శాతం మిగిలింది. ఆపై తొలి పెద్ద విడతలో కొత్త పెట్టుబడిదారు 20 శాతం, ఉద్యోగుల కోసం పక్కన పెట్టే షేర్లు 10 శాతం అనుకుంటే, అందరి వాటా పదిలో ఏడు వంతులకు కుంచించుకుపోతుంది. ఇద్దరికీ కలిపి సుమారు 53 శాతం, ఒక్కొక్కరికి 26 శాతం పైచిలుకు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. కానీ మొదటి రోజు సగం నాది అనుకున్న కుర్రవాడికి ఈ లెక్క ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అన్నదే ప్రశ్న.

ఇంతకన్నా మరుగున ఉండే షరతు లిక్విడేషన్ ప్రిఫరెన్స్, అంటే సంస్థ అమ్ముడుపోయినప్పుడు ముందు ఎవరి డబ్బు తీయాలన్న నియమం. పెట్టుబడిదారులు కోటి డాలర్లు పెట్టి 40 శాతం వాటా తీసుకున్నారు, సంస్థ కోటి 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది అనుకుందాం. వాటా ప్రకారమైతే వారికి 48 లక్షలు వస్తాయి. సాధారణంగా ఉండే షరతు ప్రకారం వారు వాటా బదులు తాము పెట్టిన కోటినే ముందుగా తీసుకోవచ్చు, తీసుకుంటారు కూడా. మిగిలిన 20 లక్షలను వ్యవస్థాపకులు, ఉద్యోగులు పంచుకోవాలి. పత్రికల్లో వచ్చే శీర్షిక ఒకటి, ఐదేళ్లు రాత్రింబవళ్లు పనిచేసిన మనిషి బ్యాంకు ఖాతాలో పడే మొత్తం మరొకటి. నా మట్టుకు నాకు, పెద్ద మొత్తం కన్నా సులువైన షరతులే యువ వ్యవస్థాపకులకు మేలు చేస్తాయని గట్టి నమ్మకం. ఎక్కువ డబ్బు తెచ్చుకున్న కొద్దీ, తన చేతికి ఏమైనా మిగలాలంటే సంస్థ చేరవలసిన ఎత్తు కూడా పెరిగిపోతుంది.

మూడో రూపం అన్నిటికన్నా వివాదాస్పదమైనది. సంస్థలో కాక నేరుగా మనిషి ఆదాయంలో వాటా కొనడం. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1955లోనే దీన్ని ప్రతిపాదించారు: సంస్థ షేర్లు కొన్నట్లే, ఒకరి శిక్షణకు డబ్బిచ్చి వారి భవిష్యత్ సంపాదనలో కొంత శాతం తీసుకోవచ్చని. యేల్ విశ్వవిద్యాలయం 1970ల తొలినాళ్లలో ఇలాంటి పథకం పెట్టింది. ఒక బృందంలోని విద్యార్థులందరి బాకీ కలిపి తీరేదాకా ప్రతి ఒక్కరూ తమ ఆదాయంలో కొంత కట్టాలన్నది నియమం. బాగా సంపాదించేవారు ఒకేసారి కట్టేసి బయటపడ్డారు, ఎగవేసినవారి భారం కూడా మధ్యలో మిగిలినవారి మీద పడింది, చివరికి మిగిలిన బాకీలను విశ్వవిద్యాలయమే రద్దు చేయాల్సి వచ్చింది. 2012లో అప్‌స్టార్ట్ అనే సంస్థ, యువకులు పదేళ్ల ఆదాయంలో కొంత శాతం ఇచ్చేలా వ్యాపారాలకు డబ్బు సమకూర్చుకునే ఏర్పాటుతో మొదలై, రెండేళ్లకే దాన్ని వదిలి మామూలు అప్పుల వ్యాపారానికి మళ్లింది.

ఇది నిలదొక్కుకోకపోవడానికి కారణం మనిషి స్వభావంలోనే ఉంది. బాగా సంపాదిస్తానన్న నమ్మకం ఉన్నవాడు తన ఆదాయంలో వాటా అమ్ముకోడు, అనుమానం ఉన్నవాడే ముందుకొస్తాడు. అది గ్రహించిన పెట్టుబడిదారు శాతం పెంచుతాడు, పెరిగిన శాతం చూసి ఇంకొందరు మంచివారు తప్పుకుంటారు. అంతకు మించి, ఇక్కడ నష్టం పెట్టుబడిదారుకే పరిమితం కాదు. సంస్థ మూతపడ్డాక కూడా ఒప్పందం మనిషి వెంట వస్తుంది. వ్యాపారం ఓడి ఉద్యోగంలో చేరినవాడి జీతంలోంచి కూడా ఆ శాతం పోతూ ఉంటుంది. సంస్థలో వాటా ఇవ్వడానికీ, తనలో వాటా ఇవ్వడానికీ ఉన్న ఈ తేడా పద్దెనిమిదేళ్ల వయసులో సంతకం చేసేవారికి తప్పనిసరిగా తెలియాలి.

కొన్ని చిక్కులు చట్టం వైపు నుంచి వస్తాయి. మైనర్లు చేసుకున్న ఒప్పందాలు చాలా దేశాల్లో చెల్లవు, లేదా వారు తర్వాత కాదనవచ్చు. కాబట్టి పద్దెనిమిది నిండని వ్యవస్థాపకుడి విషయంలో పత్రాలు ఎవరి పేరిట ఉన్నాయన్నది ఇరువైపులవారికీ ముఖ్యమే. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో మొదలైన ఆవిష్కరణ మీద విశ్వవిద్యాలయానికి హక్కు ఉండవచ్చు, చదువు వదిలినంత మాత్రాన ఆ హక్కు పోదు. అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివే విదేశీ విద్యార్థికి ఇంకో ఇబ్బంది ఉంది: పూర్తికాల చదువే ఆ వీసాకు ఆధారం, చదువు ఆగితే అక్కడ ఉండే అర్హత కూడా ఆగిపోతుంది. అదే తరగతిలో పక్క బెంచీలో కూర్చున్న అమెరికన్ విద్యార్థి తీసుకున్న ధైర్యమైన నిర్ణయం వీరికి దేశం వదిలే నిర్ణయమవుతుంది.

వెనక్కి వెళ్లే దారి ఉందా లేదా అన్నది, నేను చూసినంతలో, ఎవరూ తగినంతగా అడగని ప్రశ్న. గేట్స్, జుకర్‌బర్గ్ వంటి వారు బయటికి వచ్చినప్పుడు వారి వెనుక తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. సెలవు పెట్టి వెళ్లి, కుదరకపోతే తిరిగి చేరే వెసులుబాటును హార్వర్డ్ లాంటి సంస్థలు ఇస్తాయి. ఇంట్లో ఆదుకునే స్తోమత కూడా ఉంది. స్కాలర్‌షిప్ మీద చదివే పేద విద్యార్థికి ఒక ఏడాది విరామమే ఆ స్కాలర్‌షిప్‌ను పోగొట్టవచ్చు. అందువల్ల నిజంగా ఇలాంటి యువతకు అండగా నిలవాలనుకునే పెట్టుబడిదారు, ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని చదువుకు తిరిగి వెళ్లే ఖర్చుగా విడిగా ఉంచడం, వ్యవస్థాపకుడి తరఫున చూసే వేరే న్యాయవాదికి రుసుము తానే చెల్లించడం, మొదటి రోజు నుంచే బతకడానికి సరిపడే జీతం తీసుకోనివ్వడం వంటివి చేయాలి. వంద మందికి ఈ ఖర్చు పెట్టినా నిధికి అది పెద్ద భారం కాదు, ఓడిన ఒక్కొక్కరికీ అది కొన్నేళ్ల జీవితం.

చదువు మానకుండానే ముందు పరీక్షించుకునే మార్గాలు కూడా ఉన్నాయి. థీల్ ఫెలోషిప్‌ను నడిపిన డానియెల్ స్ట్రాక్‌మన్, మైకేల్ గిబ్సన్ 2015లో 1517 ఫండ్ పేరిట ఒక నిధిని స్థాపించి, పెద్ద పెట్టుబడులతో పాటు వెయ్యి డాలర్ల చిన్న గ్రాంట్లు కూడా ఇస్తూ వచ్చారు. అంత చిన్న మొత్తానికి ఎవరూ చదువు మానుకోరు, కానీ ఒక నమూనా తయారవుతుంది, ఇచ్చినవారికి ఆ మనిషి పని తీరు కళ్లెదుట కనబడుతుంది. వై కాంబినేటర్ కూడా 2005లో వేసవి కార్యక్రమంగానే మొదలైంది. విద్యార్థులు వేసవి ఉద్యోగం బదులు మూడు నెలలు సంస్థ పెట్టి చూడాలని, ఒక్కొక్కరికి సుమారు 6 వేల డాలర్ల చొప్పున ఇచ్చి సుమారు ఆరు శాతం వాటా తీసుకునేవారు.

ఆ తొలి వేసవిలోనే పక్కపక్కన రెండు సంస్థలు కూర్చున్నాయి. స్టాన్‌ఫర్డ్‌లో రెండో ఏడాది చదువుతున్న శామ్ ఆల్ట్‌మన్, స్నేహితులు ఎక్కడున్నారో ఫోన్‌లో చూపే లూప్ట్ అనే సంస్థతో వచ్చి చదువు వదిలేశారు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహేనియన్ రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికను మొదలుపెట్టారు. రెడిట్ మరుసటి ఏడాదే అమ్ముడుపోయి, ఆ తర్వాత చాలా మలుపులు తిరిగి 2024 మార్చిలో స్టాక్ మార్కెట్‌కు చేరింది. లూప్ట్ 3 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి తెచ్చుకుని, 2012లో 4 కోట్ల 34 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. రెండేళ్లు గడిచాక, 2014లో, ఆల్ట్‌మన్ అదే వై కాంబినేటర్‌కు అధ్యక్షుడయ్యారు. 2005 వేసవిలో చెక్కులు రాసినవారు డిగ్రీ ఉన్నవారినీ, లేనివారినీ ఒకే కార్యక్రమంలో, ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. శరదృతువు వచ్చేసరికి తరగతికి తిరిగి వెళ్లాలా వద్దా అన్నది, మూడు నెలల పనిని కళ్లారా చూసుకున్నాక, ఆ విద్యార్థులే తేల్చుకునే వీలు ఉండింది.